షేరూ గూడు

చిరంజీవి వేలి నుంచి కారిన రక్తం వెనక వరండా గచ్చు మీద తులసి కుండీ దాకా బొట్లు బొట్లుగా పడింది. అనంతలక్ష్మి ముందు గచ్చు తుడిచింది, తరవాత మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆ వరస ఆమెకే నచ్చలేదు. కానీ అప్పుడే తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తులసమ్మకి దీపం పెట్టడానికి వంగిన మనిషికి చెయ్యి ముందు అటే పోయింది.

చిరంజీవి ఈ హిందీ ఊళ్ళో రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. పొద్దుటి డ్యూటీకి బయల్దేరుతూ, భుజాన సంచీతోనే, ఎప్పట్లాగే కొత్తిమీర కాడలు తెచ్చి బోను పైతలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. కుందేలు మూల నుంచి గుర్రుమంటూ వచ్చి ముందుకాళ్ళు రెండూ ఎత్తి కొట్టింది. ఇదేమిటని చెయ్యి వెనక్కి తీసేలోపల చూపుడువేలు పట్టుకుంది. విదిలిస్తే గానీ వదల్లేదు.

ఆయన కాలి చెప్పు తీసి బోను మీద కొట్టాడు. ఆగి మళ్ళీ కొట్టాడు. లోపల కుందేలు వెనక కాలితో బోను అడుగును దబ్బుమని తన్ని, మూలకి పోయి, గోడకి వీపు ఆన్చుకుని ఇటే చూస్తూ కూర్చుంది.

వానాకాలంలో నెహ్రూ నగర్ స్నేహితురాలి ఇంటి నుంచి మైత్రి దాన్ని స్కూలు సంచీలో తెచ్చింది. అప్పుడది గుప్పెడంత. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు చెవులు. మగదని వాళ్ళు చెప్పారు, వీళ్ళు నమ్మారు. అంత పిరికి ప్రాణికి షేరూ అని సింహం పేరు పెట్టి అందరూ నవ్వుకున్నారు. పాత సామాన్ల కొట్టులో ఇనప జాలీ కొని, సెలవురోజున కూర్చుని బోను కట్టింది చిరంజీవే. డ్యూటీకి వెళ్ళేముందు రెండు కాడలు తినిపించి వెళ్ళడం ఆయన అలవాటు. అందుకే దెబ్బ వేలికంటే లోపల ఎక్కువ తగిలింది.

"తిండి పెట్టే చేతినే కరిసీ జంతువు మనకెందుకే?" అన్నాడు గుడ్డ చుట్టించుకుంటూ. "మొన్న మైత్రిని గీరింది. నిన్న నిన్ను తోలింది. ఇంక చాలు."

అక్కడే నిలబడి నూకరాజుకి ఫోను చేశాడు. నూకరాజు ఆయన మేనమామ కొడుకు. సీపత్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ, తఖత్‌పూర్ దగ్గర కొంచెం భూమి కొని కోళ్ళూ కుందేళ్ళూ పెంచుతున్నాడు. అక్కడి కుందేళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో ఇంట్లో అందరికీ తెలుసు. మైత్రి ముందు మాత్రం ఎవరూ అనరు. ఆ రోజు ఫోను స్పీకర్లో ఉంది. ఆదివారం గుడికి వస్తున్నాను, బుట్ట తెచ్చుకుంటాలే అన్నాడు నూకరాజు. అని నవ్వుతూ ఇంకోమాట కలిపాడు: "అయ్యప్ప మాలలో ఉన్నాను బావా. దీక్ష అయ్యీదాకా దాని మీద కత్తి పడదు, ఆ పూచీ నాది."

టిఫిను డబ్బా మూత పెడుతున్న మైత్రి చెయ్యి ఆగిపోయింది. ఏడో తరగతి పిల్ల. పెద్దగా ఏడవలేదు. తల్లి పక్కకి వచ్చి కొంగు పట్టుకుని, "షేరూ ఐసా నహీ థా అమ్మా. మొదట్లో నా చేతిలోంచి తినీవాడు కదా. కుఛ్ తో హువా హై," అంది.

ఏదో అయిందన్నది నిజమే. ఏమయిందో చూడకుండా ఒక ప్రాణిని బుట్టలో పెట్టి పంపడం అనంతలక్ష్మికి మింగుడుపడలేదు. ఆవు పొడిస్తే ఆవుని అమ్మేవాళ్ళని ఆమె చూసింది, ఎందుకు పొడిచిందని అడిగినవాళ్ళని చూడలేదు.

"ఆదివారం దాకా నాకు వదిలీండి. నేను దారిలో పెడతాను," అంది.

"నీ మొండితనం తెలీదేటి? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అన్నాడు చిరంజీవి, చెప్పు మళ్ళీ కాలికి తొడుక్కుంటూ.

"నాలుగూ ఉన్నాయి. రెండు ఇప్పుడే మీ చేతిమీద పడ్డాయి కదా," అందామె. ఆయన నవ్వకుండా రైల్వే ఆస్పత్రిలో సూది వేయించుకోడానికి వెళ్ళాడు.

ఆ బుధవారమంతా ఆమె తనకి తెలిసిన వైద్యాలన్నీ చేసింది. ముందు దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ బోను చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తే, ఆ ఘాటుకి కుందేలు తుమ్మింది గానీ శాంతించలేదు. బాలాజీ గుడి నుంచి తెచ్చుకున్న తీర్థం చిలకరిస్తే చెవులు వెనక్కి పెట్టి గుర్రుమంది. పక్క క్వార్టర్ ఉషారాణి గోడ మీంచి చూసి, పేపరు చుట్టి ముక్కు మీద చిన్నగా తట్టమని సలహా ఇచ్చింది. వాళ్ళ కుక్కపిల్లకి అలాగే బుద్ధి వచ్చిందట. అనంతలక్ష్మి పేపరు చుట్టింది కూడా. కొట్టడానికి చెయ్యి రాలేదు. చుట్టిన పేపరు విప్పి, మడిచి, మళ్ళీ అలమారలో పెట్టింది.

ఆమెకి అన్నిటికంటే నమ్మకం ఉన్నది శుభ్రం మీద. ఇల్లు కడిగినట్టుంటే మనసు కుదుటపడుతుందని, మనుషులకైనా పశువులకైనా అంతేనని ఆమె నమ్మకం. బోను తులసి కుండీకి దగ్గరగా ఉంది కాబట్టి ఆ చుట్టూ మైల ఉండకూడదు. రోజూ స్నానానికి ముందు చేసే పని ఇదే: బోను తలుపు తీసి, చీపురు కట్టతో కుందేలుని ఒక పక్కకి తోసి, తడిసిన వరిగడ్డీ, వెంట్రుకలూ అన్నీ ఊడ్చి తీసి, ఫినాయిలు నీళ్ళతో కడిగి, ఆరాక కొత్త గడ్డి వెయ్యడం. ఈ వారంలో ఒక మూల గడ్డి ఎక్కువగా పోగుపడుతోంది. వెంట్రుకలు కూడా ఎక్కువే ఊడుతున్నాయి. చలికాలం కదా, ఒళ్ళు పొడిబారి రాలుతున్నాయనుకుంది. రాలేకొద్దీ ఇంకా గట్టిగా కడిగింది.

గురువారం పొద్దున్న కుందేలు చీపురు మీద పడింది. పుల్లలు నోట కరుచుకుని, ఆమె ఇటు లాగితే అది అటు లాగింది. ముందుకాళ్ళతో బోను అడుగు గీరుతూ ఊగిపోతోంది. అయినా అనంతలక్ష్మి వెనక్కి తగ్గలేదు. చీపురుతోనే దాన్ని మూలనుంచి జరిపి, ఆ మూలంతా ఊడ్చి, రెండింతలు ఫినాయిలు పోసి కడిగేసింది. నువ్వా నేనా అన్నట్టు ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. కుందేలు రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఆయాసం ఆమెకీ వచ్చింది.

శుక్రవారం ఊడ్చిన చెత్త పారబోసి వచ్చి, వంటింట్లో ఎర్ర తోటకూర తరుగుతూ కిటికీలోంచి యథాలాపంగా వరండా వైపు చూసింది. షేరూ నోటి నిండా గడ్డి అడ్డంగా కరుచుకుని ఉంది. రెండు పక్కలా పరకలు బారుగా బయటికొచ్చి ముసలాడి మీసాల్లా ఉంటే నవ్వొచ్చింది ముందు. అది ఆ గడ్డి తినలేదు. ఇందాక తను కడిగి తడి ఆరని మూలకే తీసుకెళ్ళి దింపింది. ముక్కుతో నొక్కింది. వెనక్కి వచ్చి ఇంకో నోరు నింపుకుంది. మళ్ళీ దింపింది. గడ్డి కాస్త కుదురుకున్నాక, మెడ కిందికి వంచి, తన రొమ్ము మీది వెంట్రుకలని తనే పళ్ళతో పట్టి పీకింది. పీకి గడ్డిలో పెట్టింది. మళ్ళీ వంగింది. పీకినచోట చర్మం లేత ఎరుపుగా కనిపించింది.

అనంతలక్ష్మి చేతిలో తోటకూర కట్ట అలాగే ఉంది. కాసేపటికి దాన్ని కింద పెట్టి, వీధి చివర చెత్తకుండీ దాకా నడిచింది. తను పారబోసిన చెత్త ఇంకా పైనే ఉంది. వేళ్ళతో విడదీసి చూసింది. గడ్డి ఊరికే పోగుపడలేదు. గిన్నెలా, గుండ్రంగా, పరక పక్కన పరక అల్లుకుని ఉంది. లోపల తెల్లటి బొచ్చు దూదిలా పరిచి ఉంది. ఎన్ని రోజులుగా ఇలా కట్టుకుంటోందో, ఎన్నిసార్లు తను తుడిచిపెట్టిందో.

"ఓలమ్మ," అంది పైకే.

ఆ మధ్యాహ్నం మైత్రి స్కూలు నుంచి రాగానే కుందేలుని ఫోనులో వీడియో తీయించి, ఇద్దరూ ఆటో ఎక్కి పశువుల ఆస్పత్రికి వెళ్ళారు. మేకకి కట్టు కడుతున్న డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి వీడియో చూసింది. ఇది ఆడదండీ అంది హిందీలో. ఇంట్లో ఇంకో కుందేలు ఉందా అనడిగింది. లేదు. ఎప్పుడైనా బయట వదిలారా? ఎన్నడూ లేదు. అయితే కడుపులో పిల్లలు లేవు. ఉన్నాయని దాని ఒళ్ళు నమ్ముతోంది, అంతే. ఆడకుందేళ్ళలో ఇది మామూలే. గూడు కట్టుకుంటుంది, గూటి దగ్గరికి ఎవరొచ్చినా కొడుతుంది, కరుస్తుంది. అది కోపం కాదు, కాపలా. గూడు తీసెయ్యకండి, తీస్తే ఇంకా కంగారుపడి మళ్ళీ బొచ్చు పీక్కుంటుంది. పైనుంచి చెయ్యి పెట్టకండి, గద్ద వచ్చినట్టు ఉంటుంది దానికి. మేత తలుపు దగ్గర కింద పెట్టండి. కొన్నాళ్ళకి తనే గూడు వదిలేస్తుంది. గడ్డి తినడం మానేస్తే మాత్రం వెంటనే తీసుకురండి. మళ్ళీ మళ్ళీ ఇలా కాకుండా తరవాత గర్భసంచి తీసే ఆపరేషను ఉంది, ఆలోచించుకోండి.

ఆపరేషను సంగతి తరవాత దేవుడితో తేల్చుకుందామని అనంతలక్ష్మి పక్కన పెట్టింది. ఒక్కటి అడిగింది. "పిల్లలు లేవని దానికి తెలుస్తుందా?"

డాక్టరమ్మ ఆ ప్రశ్న ఊహించినట్టు లేదు. తెలీదమ్మా, చెప్పలేను, అంది.

తిరిగి వచ్చేటప్పుడు మైత్రి ఒకటే మాట్లాడింది. షేరూ లడకీ అట, పేరు మార్చాలా అని. అనంతలక్ష్మి వినలేదు. ఆమె మనసులో ఒక పాత గది తిరుగుతోంది. తలుపు దగ్గరగా వేసి, గాలి రాకుండా గోనెపట్టా కట్టి, లోపల మంచం. ఎవరూ లోపలికి పోకూడదు. ఎవరూ ముట్టుకోకూడదు. కంచం గుమ్మంలో పెట్టి వచ్చెయ్యాలి. పదకొండో రోజు దాకా ఆ గదిలో పుల్ల కదపకూడదు. డాక్టరమ్మ హిందీలో చెప్పిందంతా తన అమ్మమ్మ తెలుగులో ఎప్పుడో చెప్పిందే. పురుటాలి గది.

ఇంటికి రాగానే కొంగు బిగించింది. ఫినాయిలు సీసా బాత్‌రూములోకి పోయింది. బోను మూడు పక్కలా గోనెసంచులు కప్పింది. రోజూ ఉండే బుధవారీ బజారులో మేకలవాళ్ళ దగ్గర ఎండు వరిగడ్డి కొనుక్కొచ్చి తలుపు దగ్గర పెట్టింది. తులసి కుండీ దగ్గరికి రోజూ రెండుపూటలా తను వెళ్ళక తప్పదు కాబట్టి, కుండీనే అక్కడినుంచి తీసెయ్యాలనుకుంది. సిమెంటు కుండీ. గోనె మీదికి ఎక్కించి, ఇల్లంతా దాటించి, మైత్రి వెనకనుంచి తోస్తుంటే తను లాగుతూ ముందుమెట్ల దగ్గరికి చేర్చింది. నడుం పట్టేసింది. "మన్నించు తల్లీ, దానికి చోటు కావాలి," అని తులసమ్మకి దణ్ణం పెట్టుకుంది. రోజూ తను కడిగి పారేసింది మైల అనుకుంది గానీ, అది ఇంకొకరి ఇల్లు. ఈ రెండిటికీ తేడా ఇన్నేళ్ళ మడిలో తనకెవరూ ఎందుకు చెప్పలేదో అని కుండీ దగ్గరే కాసేపు కూర్చుంది.

శనివారం పొద్దున్న బోను పక్కతలుపు ఓరగా తీసి, చెయ్యి గచ్చుకి ఆనించి, పక్కనుంచి గరిక జరిపింది. షేరూ గుర్రుమంది. చెయ్యి కదపలేదు అనంతలక్ష్మి. అది ముందుకి వచ్చింది, కొట్టడానికి కాళ్ళు ఎత్తింది. మళ్ళీ దింపింది. వేళ్ళ దాకా వచ్చి వాసన చూసి, పరక లాక్కుని గూటిలోకి పోయింది. ఆమె వెంటనే లేవలేదు. అది నమలడం వినిపించేదాకా అలాగే ఉంది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన చిరంజీవికి మొత్తం చెప్పింది. నూకరాజుకి రావద్దని ఫోను చెయ్యమంది.

ఆయన కట్టు కట్టిన వేలు చూసుకుంటూ విన్నాడు. షెడ్డులో పానా పట్టలేక మూడు రోజులుగా తోటివాళ్ళ చేత మాటలు పడుతున్నాడు. కుందేలు కరిచిన మగాడని నవ్వుతున్నారట. "వాడు అంత దూరం నుంచి వస్తన్నాడు. అన్నమాట ఎలగ మారుస్తాం? డాక్టరు ఏటి చెప్పినా కరిసీది కరుస్తాది."

"పురుటాల్ని ఇంట్లోంచి పంపిస్తామా?"

"లేని పిల్లలకి పురుడేటే?"

అనంతలక్ష్మి ఆయన చేతిలోంచి ఖాళీ టిఫిను డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. మైత్రికి ముందు ఒకడు పుట్టి, ఏడవకుండానే పోయాడు. అప్పుడూ ఇదే క్వార్టరు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే అత్తగారు గది కడిగించి, మంచం ఎత్తించేసింది. బిడ్డే లేనప్పుడు పురుడేమిటంది. ఆ మాటకి అప్పుడూ ఎవరూ అడ్డు చెప్పలేదు. చిరంజీవికి అది గుర్తొచ్చిందో లేదో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. డబ్బా తోమి, మళ్ళీ తోమి, బోర్లించింది.

ఆదివారం తలస్నానం చేసి దేవుడి అలమార ముందు నిలబడింది. అగ్గిపెట్టె తీసింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి, తను ఇంట్లో ఉండి, మైల లేని రోజున దీపం మానింది లేదు. నోటితో పురుడు అని చెప్పి చేత్తో దీపం పెడితే రెండిట్లో ఒకటి అబద్ధం అవుతుంది. స్వామికి ఏది కష్టంగా ఉంటుందో తనకి తెలీదు. తనకి తెలిసినంతవరకు అబద్ధం ఆడదలచుకోలేదు. అగ్గిపెట్టె అలమారలో పెట్టి తలుపు మూసింది. వంటింటి గుమ్మంలో గెడ్డం గీసుకుంటున్న చిరంజీవి అద్దంలోంచి అంతా చూశాడు.

కాసేపటికి గేటు ముందు బండి ఆగింది. నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో మాల, నుదుట గంధం, ఉత్తకాళ్ళు. వెనక వెదురుబుట్ట కట్టి ఉంది. గేటు తీసుకుని వచ్చి నూకరాజు మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"స్వామీ, అక్కడే ఆగండి," అంది అనంతలక్ష్మి గుమ్మంలోంచి. "ఇంట్లో పురుడు."

ఎత్తిన కాలు వెనక్కి పోయింది. ఒక చెయ్యి తనకి తెలీకుండానే మాలని పట్టుకుంది. కిటికీలో ఉన్న మైత్రి వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి కళ్ళు తిప్పుకున్నాడు. "పురుడా? ఎవరికి చెల్లెమ్మా?"

"షేరూకి."

నూకరాజుకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. తన దగ్గర నెలనెలా ఈనుతూనే ఉంటాయని, వాటికి పురుళ్ళు పట్టాలంటే తను జన్మలో గుడి గుమ్మం ఎక్కలేనని అన్నాడు. పిల్లలెన్ని, వాటినీ బుట్టలో పెట్టమన్నాడు.

"పిల్లలు లేవు అన్నయ్యా. పుట్టలేదు, పుట్టవు. దానికి అది తెలీదు. గూడు కట్టుకుని కాపలా కాస్తంది. అది గూడు వదిలీదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను. నా ఇంట్లో ఇవాళ దీపం కూడా పెట్టలేదు."

ఆ చివరిమాటకి నూకరాజు నవ్వు తగ్గింది. ఆమె దీపం సంగతి బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. అప్పుడే లోపల్నుంచి చిరంజీవి వచ్చాడు. సగం గీసిన గెడ్డం మీద నురగ ఆరిపోయి ఉంది. నూకరాజు అటు తిరిగి, "విన్నావా బావా? అచ్ఛా, కుందేలుకి పురుడంటే సరే అనుకుందాం. పిల్లలు లేకుండా పురుడేటి? ఎక్కడన్నా ఉన్నాదా?" అన్నాడు.

అనంతలక్ష్మి మొగుడి వైపు చూడలేదు. తులసి కుండీ వైపు చూస్తూ నిలబడింది. ఆయన ఏమన్నా సరే గుమ్మంలోంచి కదలకూడదని ద్వారబంధానికి చెయ్యి ఆనించుకుంది.

చిరంజీవి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోడం అయిపోయాక కూడా తువ్వాలు మొహం మీదనుంచి వెంటనే తియ్యలేదు.

"ఉంటాది స్వామీ," అన్నాడు. "ఈ ఇంట్లోనే ఉన్నాది ఒకసారి. మేమే పట్టలేదు."

ఆ రోజుల్లో నూకరాజు ఈ క్వార్టర్లోనే ఉండి ఐటీఐ చదువుకున్నాడు. ఆ మంచం బయటికి మోసినవాళ్ళలో తనూ ఒకడు. తల దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీశాడు. బుట్ట తాడు సరిగ్గా ఉందా అని అక్కర్లేకపోయినా ఒకసారి చూసుకున్నాడు.

"మాలలో ఉన్నాను బావా," అన్నాడు నవ్వు లేని గొంతుతో. "పురుటింట్లోకి రాకూడదు. వెళ్తాను." గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి బండి తోసుకుంటూ మలుపు దాకా నడిచి, అక్కడ స్టార్ట్ చేశాడు.

మైత్రి వెనక వరండా తలుపు సందులోంచి చూడ్డానికి పరిగెత్తింది. అనంతలక్ష్మి ద్వారబంధం మీదనుంచి చెయ్యి తీసింది. చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. విదిలించుకుంటూ, పొద్దెక్కిపోయింది, ఎసరు పెట్టాలనుకుంటూ వంటింటి వైపు వెళ్ళింది. చిరంజీవి అప్పటికే లోపల ఉన్నాడు. కట్టు వేలు తడవకుండా పైకి ఎత్తిపట్టి, మిగతా వేళ్ళతో బియ్యం కడుగుతున్నాడు.

"నువ్వు రాకూడదు," అన్నాడు తిరగకుండానే.

"పురుటాలు షేరూ కదండీ."

ఆయన బియ్యం నీళ్ళు వంచి, ఇంకోసారి కడిగాడు. కందిపప్పు ఏ డబ్బాలో అనడిగాడు. చెప్పింది. ఇంగువ? అదీ చెప్పింది. వసారాలోకి వచ్చి, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పగలు ఆ వేళప్పుడు అలా కూర్చోడం కొత్తగా ఉండి, కొంగు రెండుసార్లు సర్దుకుంది.

లోపల మూకుడు చప్పుడైంది. ఆవాలు చిటపటలాడాయి. పోపు మాడుతున్న వాసన వచ్చింది. అనంతలక్ష్మి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.